అమ్మాయి ఎత్తిన బార్

బాబూ,

ఉదయం ఏడున్నర; సన్నగా తుంపర పడుతోంది. నేను కంటి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. వ్యాయామ సామాన్ల దుకాణం అతను, బరువు భుజాల మీద పెట్టుకుని గుంజీళ్లు తీసే స్క్వాట్ బార్లు రెండు తెస్తాడు. మెడ దగ్గర మెత్త, ముందువైపు పిడులు ఉన్నదే తీసుకోండి. తిన్నని బార్ పట్టుకోవాలంటే చేతులు వెనక్కి విరవాలి. అందుకు మీ కుడిభుజం ఒప్పుకోదు. జబ్బుపడిన మా అమ్మాయిని ఏడాదిపాటు మేడమెట్ల మీదుగా మోసిన భుజం అది. “ఆయన మొండిఘటం అమ్మా, నొప్పని చచ్చినా చెప్పరు” అంటూ అది పోయే ముందురోజు కూడా నవ్వింది.

మన పాత తిన్నని బార్ అమ్మాయి ఎత్తినది. అతను మార్పిడికి అడుగుతాడు, ఇవ్వకండి.

మీ మామగారు పోయిన నెలలోనే ఆయన సైకిలు ఎవరికో ఇచ్చేశాను. పన్నెండేళ్ల తర్వాత కూడా వీధిలో సైకిలు గంట మోగితే గుమ్మంలోకి వచ్చేదాన్ని.