పాత సాఫ్ట్‌వేరు తిరిగి పంపగలరు

పుంగనూరు

మదనపల్లె కరెంటు కార్ల షోరూం సర్వీసు మేనేజరు నీరజ గారికి, పుంగనూరు బజారు వీధిలో స్టీలు సామాన్ల అంగడి పెట్టుకున్న మునిచంద్ర నమస్కరించి రాయునది. ఇక్కడ కారు తప్ప అందరమూ క్షేమం.

ఫోన్లో అడగొచ్చు కదా అనుకుంటారేమో. ఫోన్లో ఒప్పుకున్న మాటను తర్వాత ఎవరూ ఒప్పుకోరు. అందుకే రిజిస్టరు పోస్టు.

నాకు ఇంతకు ముందు డీజిల్ జీపు ఉండేది. సర్వీసు చేసిన ప్రతిసారీ మెకానిక్కు మార్చిన సామానంతా పేపర్లో చుట్టి నా చేతికిచ్చేవాడు. అరిగిపోయిన బేరింగు, నల్లబడిన ఫిల్టరు, డబ్బాలో మాడిపోయిన ఆయిలు. మా పక్క పద్ధతి అది. పాతది చేతికొస్తేనే కొత్తది వేసినట్టు లెక్క. మీరు ఇన్నేండ్లలో నాకు ఒక్క నట్టు తిరిగివ్వలేదు. ఆయిలు లేదంటారు, ఇంజనే లేదంటారు, బ్రేకు ప్యాడ్లు అరగనే లేదంటారు. ఈసారి బిల్లులో సాఫ్ట్‌వేరు మార్చినట్టు రాశారు. సంతోషం. మరి పాత సాఫ్ట్‌వేరు ఏది? అది నేను కొన్న కారులోది కాబట్టి నాది. వెంటనే పంపగలరు.

అసలు బాధ వేరే ఉంది. కొత్తలో ఈ కారు ఒక్క ఛార్జింగుతో కుప్పం చేరేది. పోయిన నెల మా అక్క కూతురు దీపిక నిశ్చితార్థానికి బయల్దేరితే వి.కోటలోనే నిలబడిపోయింది. నేను కుప్పం చేరేసరికి తాంబూలాలు మార్చుకుని, భోంచేసి, మగపెండ్లివాళ్లు వెళ్లిపోయారు కూడా. మా బావ కుప్పుస్వామి అందరి ముందర, "మునిచంద్రా, పెండ్లికన్నా బస్సులో రాప్పా" అన్నాడు. నాకు ఒళ్లు మండి, పెండ్లికూతురిని మంటపానికి తీసుకొచ్చేది మేనమామే కదా, ఈ కారులోనే తీసుకొస్తా చూడండని చెప్పేశాను. ఇప్పుడు నా పరువు మీ చేతుల్లో ఉంది. మీ చేతుల మీద నాకు నమ్మకం లేదు.

ఇట్లు,
మునిచంద్ర

తా.క. సాఫ్ట్‌వేరు బరువుంటే బస్సు పార్సిల్లో వేయండి. కూలి నేనిచ్చుకుంటాను.

*

మదనపల్లె

మునిచంద్ర గారికి నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. మా షోరూముకు ఉత్తరం రావడం ఇదే మొదలు కాబట్టి అందరం కలిసి చదువుకున్నాము.

సాఫ్ట్‌వేరు చేతికిచ్చే వస్తువు కాదండీ. కొత్తది వేస్తే పాతది చెరిగిపోతుంది. మీ కారుకు మేము చేసేది ఏసీ ఫిల్టరు, బ్రేకు ఆయిలు, బ్యాటరీని చల్లబరిచే నీళ్లు, టైర్లలో గాలి చూడటం. అంతకన్నా పెద్ద పని ఈ బండికి ఉండదు. ఇక బ్యాటరీకి వయసైంది. కొత్తలో ఉన్న బలంలో ఇప్పుడు నూటికి డెబ్బై ఒకటి మిగిలింది. డెబ్బై కన్నా తగ్గితే గ్యారంటీలో కొత్త బ్యాటరీ వచ్చేది. బండిని ఇంకోసారి తీసుకురండి, జాగ్రత్తగా చూస్తాము.

ఇట్లు,
నీరజ

తా.క. ఈసారి మీరే దగ్గర నిలబడి చూడండి. టీ మాది.

*

పుంగనూరు

నీరజ గారికి నమస్కారం. చెరిపేశామని ఎంత తేలిగ్గా రాశారమ్మా.

డెబ్బై ఒకటి సంగతి మాట్లాడుకుందాం. మా అంగట్లో గిన్నె మీద తొంభై తొమ్మిది రూపాయలని చీటీ అంటించేది నేనే. నూటికి ఒకటి తక్కువ ఎందుకు పెడతానో నాకు తెలుసు. డెబ్బైకి ఒకటి ఎక్కువ మీరెందుకు పెట్టారో కూడా నాకు తెలుసు.

మీరు రమ్మన్నట్టే మొన్న బండి తెచ్చిచ్చాను. టీ మాత్రం తాగలేదు. ఊరికే టీ పోసే చోట మనిషి కూర్చున్నాడంటే పని అవతల ఎట్లా జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు. అందుకే మా బంధువుల ఇంట్లో కూర్చున్నాను. మీకు తెలియని సంగతి ఒకటుంది. బండి ఇచ్చే ముందు ఫిల్టరు మూతకు ఎర్ర దారం కట్టాను. మా అమ్మ నేర్పిన ముడి, లోకంలో ఇంకెవరికీ రాదు. తిరిగొచ్చాక చూస్తే అదే దారం, అదే ముడి. ఆ మూత ఎవరూ తెరవలేదని రుజువైపోయింది. దీనికేమంటారు?

ఇట్లు,
మునిచంద్ర

తా.క. ఇది మన మధ్యనే ఉండాలి. పెండ్లికొడుకు అరుణ్ కుమార్‌ది మీ ఊరే, నిమ్మనపల్లె రోడ్డులో ఇల్లు. నిశ్చితార్థానికి అందలేదు కాబట్టి ఆ ఇంటివాళ్ల ముఖాలు కూడా నేను చూడలేదు. మా అక్కనడిగితే కోప్పడుతుంది. వాళ్లెట్లాంటివాళ్లో మెల్లగా విచారించి రాయగలరా? అబ్బాయికి ఒక అక్క ఉందంట, ఏదో కంపెనీలో మేనేజరంట. అట్లాంటివాళ్లతోనే నాకు భయం.

*

మదనపల్లె

మునిచంద్ర గారికి నమస్కారాలు.

ఆ మూత మేము తెరిచాము. లోపల ఫిల్టరు మార్చాము. దారం చూసి దేవుడి దగ్గర కట్టించుకొచ్చినదేమో, తెంచితే మీ మనసు నొచ్చుకుంటుందేమో అని మెల్లగా విప్పి, మళ్లీ ఉన్నది ఉన్నట్టే కట్టాము. ఫిల్టరు మార్చడానికి పట్టిన దానికన్నా ఆ ముడి వేయడానికి ఎక్కువసేపు పట్టింది. మా మెకానిక్కు గిరిబాబు ముందే ఫోటో తీసుకుని, చూసి చూసి వేశాడు. పాత ఫిల్టరు పేపర్లో చుట్టి ఈ ఉత్తరంతో పంపుతున్నాను.

మీ బండి కుప్పం ఎందుకు చేరలేదో కూడా కొంత తెలిసింది. డిక్కీ తెరిచి చూస్తే మీ పాత జీపు స్టెప్నీ, జీపు జాకీ, అంగట్లోని ఇనుప తూనికరాళ్లు, ఒక క్యాను నిండా డీజిల్ ఉన్నాయి. వయసైన బ్యాటరీ అంత బరువు మోసుకుని ఘాట్ ఎక్కాలంటే కష్టమండీ. టైర్లలో గాలి కూడా తక్కువగా ఉంటే నింపాము. దయచేసి ఆ సామానంతా ఇంట్లో దించేయండి. కరెంటు కారులో డీజిల్ ఎందుకో గిరిబాబు నన్నడిగాడు. మిమ్మల్నే అడిగి చెబుతానన్నాను.

ఇట్లు,
నీరజ

తా.క. విచారించాను. అబ్బాయి బంగారం. చెడు అలవాట్లు లేవు, కానీ పొద్దున ఎంత లేపినా లేవడు. అక్కకు మాత్రం కాస్త నోరెక్కువ.

*

పుంగనూరు

నీరజ గారికి నమస్కారం. ఫిల్టరు అందింది. అది నా కారుదే అని నమ్మకమేముంది? అయినా పేపర్లో చుట్టి పంపిన పద్ధతి నచ్చింది.

డీజిల్ సంగతి గిరిబాబుకు చెప్పండి. దారిలో ఏ బండి నిలబడినా జనం చుట్టూ చేరి మొదట అడిగేది డీజిల్ అయిపోయిందా అనే. వి.కోటలో నన్ను ఊరంతా అడిగింది. లేదు, క్యాను నిండా ఉందని గట్టిగా చెప్పాను. అప్పుడు వాళ్లకు నామీద ఇంకో రకం అనుమానం వచ్చిందనుకోండి. సరే, మీరన్నారని అంతా దించేశాను. దించాక బండి కాస్త హుషారుగా ఉన్న మాట నిజమే. అంటే ఇన్నాళ్లూ తెలిసి కూడా మీరు చెప్పలేదన్నమాట.

పెండ్లి ఎల్లుండి. రేపు పొద్దున బయల్దేరుతున్నాను. పోస్టుకు టైము లేదు కాబట్టి ఈ ఉత్తరం బస్సులో పంపుతున్నాను. దారిలో ఏమైనా అయితే ఎవరితో మాట్లాడాలో రాసి, మీరూ ఈరోజే బస్సులో పంపండి.

ఇట్లు,
మునిచంద్ర

తా.క. అబ్బాయిని ఊరికే పొగిడి ఉంటే వాళ్లు మీకేదో ముట్టజెప్పారనుకునేవాణ్ని. అక్కకు నోరెక్కువ అని రాశారు చూడండి, అప్పుడు నమ్మకం కలిగింది. పెండ్లిలో ఆమెకు దూరదూరంగా తిరుగుతాను.

*

మదనపల్లె

మునిచంద్ర గారికి నమస్కారాలు. రాత్రికి పూర్తిగా ఛార్జింగు పెట్టుకోండి. నిదానంగా పోనివ్వండి, ఏసీ తగ్గించండి. ఏమైనా అయితే గిరిబాబుకు ఫోన్ చేయండి. రేపటి నుంచి నాకు సెలవు.

ఇట్లు,
నీరజ

తా.క. భయపడకండి. ఈసారి చేరతారు.

*

కుప్పం

నీరజ గారికి,

చేరాను. ఛార్జింగు ఇంకా మిగిలే ఉంది. మా బావ రెండుసార్లు వంగి మీటరు చూసి ఇంట్లోకి పోయాడు. ఆ సంతోషం నాకు సగమే దక్కింది. ఎందుకో రాస్తున్నాను.

పుంగనూరు దాటినప్పటి నుంచి ఒక వ్యాను నా వెంటపడింది. నేను నిదానిస్తే అదీ నిదానించింది. పలమనేరులో కావాలని ఆగి టిఫిన్ తిన్నాను, అది కూడా ఆగింది. వి.కోట దగ్గర అద్దంలో బాగా చూస్తే దాని మీద మీ కంపెనీ పేరే ఉంది. నడిపేది గిరిబాబు. పక్కన ఎవరో పట్టుచీర కట్టుకున్న ఆడమనిషి, ముఖం సరిగ్గా కనబడలేదు. నా ప్రయాణం రోజే మీకు సెలవు దొరకడం, నా వెనకే మీ వ్యాను రావడం చూస్తే నాకొకటే అర్థమవుతోంది. బండి ఎక్కడో ఆగిపోతుందని మీకు ముందే తెలుసు. ఆగగానే తాడు కట్టి లాక్కుపోయి, ఇంకో బిల్లు వేద్దామని కాచుకున్నారు. పెండ్లి ముందర నా పరువుతో ఆడుకుంటారా? దీపిక నా చేతుల్లో పెరిగిన పిల్ల. నిశ్చితార్థం నాడు నా కోసం గుమ్మంలో నిలబడి నిలబడి ఏడ్చిందంట. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేక, మీమీద అరుస్తూ ఉన్నాను.

గిరిబాబు ఇక్కడే వీధి చివర ఉన్నాడు. ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. జవాబు చెప్పి తీరాలి.

ఇట్లు,
మునిచంద్ర

తా.క. ఆ పట్టుచీర మనిషి ఎవరో కూడా రాయండి.

*

కుప్పం, పెండ్లికొడుకు విడిది

చిన్నాయనకు నీరజ నమస్కరించి రాయునది. వరస చూస్తే మీరు నాకు చిన్నాయనే అవుతారు. అరుణ్ కుమార్ నా తమ్ముడు. నోరెక్కువ అక్కను నేనే. పట్టుచీర మనిషినీ నేనే.

మీ మొదటి ఉత్తరంలో దీపిక పేరు చూడగానే నాకు తెలిసిపోయింది. నిశ్చితార్థం నాడు మీ కోసం వేసిన ఆకు పక్కనే నేను కూర్చున్నాను. చివరిదాకా ఆ ఆకు ఖాళీగానే ఉంది. మీరు రాలేకపోయింది మేము చూసుకోవాల్సిన కారు వల్లే అని తెలిశాక నాకు చాలా సిగ్గేసింది. చెబుదామనుకున్నాను. చెబితే ఆ డెబ్బై ఒకటి కూడా మగపెండ్లివాళ్ల లెక్కే అనేవాళ్లు మీరు. అది నిజంగా డెబ్బై ఒకటే చిన్నాయనా. అందుకని ఈసారి మా వాళ్ల బస్సు ఎక్కకుండా, వ్యానులో జనరేటరూ ఛార్జరూ వేసుకుని మీ వెనకే వచ్చాను. ఎక్కడ ఆగినా అక్కడే ఛార్జింగు పెట్టి మిమ్మల్ని కుప్పం చేర్చాలనుకున్నాను. దాని అవసరమే రాలేదు.

ఇంకోమాట. మా ఇంటికొచ్చే పిల్ల కోసం ఇన్ని అనుమానాలు పడి, కార్లు బాగుచేసేవాళ్లను కూడా అడిగి విచారించిన మనిషి మీరొక్కరే. మీ మీద కోపం రాలేదు. దీపికది అదృష్టం అనిపించింది. రేపు మీ కారులోనే తీసుకురండి. తలుపు నేను తీస్తాను.

ఇట్లు,
నీరజ

తా.క. ఒక చిక్కు వచ్చింది. మా అమ్మ యశోదమ్మ ఇంతకు ముందే మీ కారు చుట్టూ రెండుసార్లు తిరిగి చూసింది. "ఇంజను లేని బండిలో కోడలిని యాడికి తెస్తాడంట ఆయప్ప?" అని అడుగుతోంది. నేను చెబితే కంపెనీ మనిషివి కాబట్టి అట్లాగే అంటావు పొమ్మంది. సాయంత్రం మీరే వచ్చి, నమ్మేలాగా చెప్పాలి.