బారెడు వదులు

కాలా రొకెరా, మెనోర్కా
జూలై 28, గురువారం

చిరంజీవి తమ్ముడు రఫెల్‌ను అక్క కొలోమా ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం కులాసా అని మొదటి వరుసలో రాయని ఉత్తరం అపశకునమని అమ్మ అనేది. అందుకని రాస్తున్నాను. ఎవరికీ జ్వరాలు లేవు, ఎవరూ మంచం పట్టలేదు. కులాసా అంటే అంతవరకే. నీ ఓడ మోంటెవిడియో చేరేసరికి ఈ కాగితం అక్కడి ఏజెంటు దగ్గర ఉంటుందనుకుంటున్నాను. అక్కడ ఇప్పుడు చలికాలం. ఛాతీకి చలిగాలి తగలనివ్వకు. చిన్నప్పుడు నీ దగ్గుతో ఇల్లంతా మేలుకొని కూర్చునేవాళ్ళం.

వాల్పరైసో నుంచి నువ్వు వేసిన ఉత్తరాలు రెండూ సోమవారం ఒకే సంచిలో వచ్చాయి, ఒకటి నాకు, ఒకటి నా మరదలు సబేలాకు. నావరకు వచ్చినదానికి వరసగా జవాబు చెబుతాను.

మోకాలు ఎలా ఉందన్నావు. డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు. రేవు నుంచి మనింటికి డెబ్భై మెట్లు. రోజూ ఆయనే వచ్చి నన్ను ఎత్తుకెళ్తాడేమో అడగడం మరిచిపోయాను. అంజూరపు పళ్ళు ఇంకా గట్టిగానే ఉన్నాయి, ఈసారి పిచ్చుకలకు పోగా ఎన్ని మిగులుతాయో తెలియదు.

సముద్రం ఎలా ఉందన్నావు. దానికేం, ఎప్పటిలాగే ఉంది. గోడ మీద నాచు గీత నాన్న రోజుల్లో ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది. జనవరిలో మామూలుగా తగ్గే జానెడూ తగ్గింది, దక్షిణపు గాలి తోలిన వారంలో జానెడు పెరిగింది, అంతే. ఈ నెలంతా పొద్దున నూనె పోసినట్టు కదలకుండా ఉంటోంది. పదకొండింటికి గాలి లేస్తుంది, సాయంత్రం ఐదింటికి పడుకుంటుంది. పడవ ఉన్నవాళ్ళకు ఇంతకంటే మంచి రోజులు రావు. మనకు పడవ లేదు.

పడవ బాగవుతుందా అన్నావు. వడ్రంగి నోఫ్రె వచ్చి చూశాడు. అడుగున వెన్నుకొయ్య నిలిచిందట. వెనక భాగంలో ఆరు పలకలు మార్చాలి. తాడు కట్టే కొంకి చుట్టూ కొయ్య చీలిపోయింది. "మీ నాన్న చేత్తో కట్టిన పడవ కొలోమా, అంత తేలిగ్గా చావదులే. చలికాలం దాకా ఆగు" అన్నాడు. ఆగుతాను. ఆగడం నాకు కొత్త కాదు.

ఇక నీ ఆఖరి ప్రశ్న. అసలు సబేలా ఏం చేసింది, వివరంగా రాయక్కా అన్నావు. మిగిలిన కాగితమంతా దానికే సరిపోయేలా ఉంది.

నువ్వు ఓడెక్కిన దగ్గర్నుంచీ పడవ మీద పొద్దున్నే వలకు వెళ్ళేది సబేలా. పది గంటలకు తిరిగొచ్చి, చేపలు దించి, పడవ కట్టి మెట్లెక్కేది. పని విషయంలో పేరు పెట్టడానికి లేదు. కట్టడంలోనే వచ్చింది తంటా. ముందు తాడూ వెనక తాడూ బారెడేసి వదిలి కట్టేది. మిగతా పడవలన్నీ గోడ పక్కన బడిపిల్లల్లా బిగదీసుకుని నిలబడి ఉంటే, నాన్న పడవ ఒక్కటే అటో అడుగు ఇటో అడుగు తిరుగుతూ ఉండేది.

మొదట్లో నేనే అడిగాను. "అదేం కట్టు పిల్లా?" అంటే నవ్వింది. "మా గలీసియాలో సముద్రం రోజుకు రెండుసార్లు వెళ్ళొస్తుంది వదినా. తాడు బిగించి ఇంటికి పోతే, వచ్చి చూసేసరికి పడవ ఉరేసుకుని ఉంటుంది."

"ఇక్కడి సముద్రం ఎక్కడికీ వెళ్ళదమ్మా, నాలాగే. బిగించు" అన్నాను.

"సరే వదినా" అంది. మర్నాడు మళ్ళీ బారెడు వదిలింది. ఆమె చేతులకు పుట్టుకతో వచ్చిన అలవాటు అది, నేను చెబితే పోయేది కాదు.

మన పక్క పడవ బియెల్ మామది, ఆయన నోరు నీకు తెలుసు. రోజూ చేపల బల్ల దగ్గర అందరూ ఉన్నప్పుడే మొదలుపెట్టేవాడు. "ఏమే కొలోమా, మీ మరదలు పడవను కట్టిందా, మేతకు తోలిందా?" ఒకరోజు ఇంకాస్త ముందుకు వెళ్ళాడు. "మీ నాన్న చూస్తే గుండాగి చచ్చేవాడే. ముందే పోయాడు కాబట్టి బతికిపోయాడు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వినందుకు ఇంటికెళ్ళాక నా మీద నాకే కోపమొచ్చింది.

జూన్ ఇరవై ఒకటి, మంగళవారం, సాంత్ జోన్ పండగకు మూడు రోజుల ముందు. పొద్దుటి నుంచే ఆకాశం పసుపు కలిపిన నీళ్ళలా ఉంది. ఆకు కదల్లేదు. ఒంటిగంట బస్సుకు సబేలా వలదారం కొనడానికి సియుతాదెల్లా వెళ్ళింది. భోజనాలయ్యాయి, ఊరంతా కిటికీలు మూసుకుని కునుకు తీస్తోంది. మూడు గంటలప్పుడు రేవులోంచి బియెల్ మామ కేక. "నీళ్ళు పోతున్నాయిరోయ్! లేవండ్రా!"

నీళ్ళు ఉన్నట్టుండి పోయి తిరిగొచ్చే రిస్సాగా అనేది సియుతాదెల్లా రేవుకు పట్టే జబ్బనీ, మన రేవు దాని మొహం కూడా చూడదనీ నాన్న అనేవాడు, తాతా అన్నాడు. ఆ రోజు అది మన రేవుకే వచ్చింది. గాలి లేదు, అల లేదు. గిన్నెకు చిల్లు పడ్డట్టు నీళ్ళు తగ్గిపోయాయి. పది నిమిషాల్లో నడుము లోతు దిగి, గోడ కింద బురద తేలింది. మెలకువ వచ్చిన మగవాళ్ళు పరిగెత్తి తమ తమ తాళ్ళు వదిలారు. మన పడవ గట్టుకు ఆ చివర ఉంది, దాని మనిషి ఊళ్ళో లేదు. నేను ఈ మోకాలితో నలభయ్యో మెట్టు దిగేసరికే పోయిన నీళ్ళు తిరిగొచ్చాయి, పోయినదానికంటే ఎక్కువ తొందరగా. పడవ ఉండాల్సిన చోట కొయ్య కొస ఒక్కటే కనిపించింది.

సాయంత్రానికి రేవులో తీర్పు అయిపోయింది. "వదులు కట్టు కట్టింది, గోడకేసి కొట్టుకుని పగిలింది. పోటూ పాటూ ఉన్న ఊరి పిల్ల. మన నీళ్ళ సంగతి దానికేం తెలుసు?" అన్నాడు బియెల్ మామ. కాదన్నవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. సబేలాయే ఏమీ అనలేదు. ఆ వారమే నేను నీకు రాశాను, పడవ మునిగింది, తాళ్ళు కట్టింది సబేలానే అని.

సోమవారం సబేలా, నువ్వు తనకు రాసిన ఉత్తరం చదివి, నా ముందు పెట్టి, "చదువు వదినా" అంది. చదివాను. చెరువులాంటి నీళ్ళలో పడవ కట్టడం చేతకానిదానివి, నేను వచ్చేదాకా మీ అమ్మ దగ్గరుండు అన్నావు. నాన్న ఉన్నప్పటి ఇంట్లో ఇలాంటి మాట ఎవరూ ఎవరినీ అనలేదు రఫెల్. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి నూనె కూజా కింద ఉంచింది. ఆ సాయంత్రం అటక మీంచి పెట్టె దించమని నన్నే అడిగింది. శనివారం ఓడకు టికెట్టు తీసుకుంది.

ఇప్పుడు రాయాల్సింది రాస్తాను. ఐదు వారాలుగా మోసి మోసి అలసిపోయాను.

ఆ రోజు పడవకు వదులు కట్టు లేదు. మార్చి నెల నుంచీ రోజూ, భోజనాలయ్యి ఊరు కునుకు తీసే వేళ, నేను మెట్లు దిగి వెళ్ళి ఆమె కట్టిన తాళ్ళు విప్పి బిగించి కట్టేదాన్ని. నాన్న పడవ అందరి ముందూ అలా తిరుగుతుంటే నాకు సిగ్గుగా ఉండేది. మోకాలు నొప్పికి కారణం రోజుకు రెండుసార్లు దిగి ఎక్కడమే. ఆమె ఏనాడూ ఏమీ అడగలేదు. పొద్దున వలకు వెళ్ళొచ్చి మళ్ళీ బారెడు వదిలి కట్టుకునేది. గమనించే తెలివి లేదనుకున్నాను, చూడు నా పొగరు.

ఆ మంగళవారమూ బిగించాను, ఎప్పటికంటే గట్టిగానే. నలభయ్యో మెట్టు మీంచి నేను చూసింది పడవ మునగడం కాదు. వెనక తాడుకు వేలాడుతూ ఉండటం చూశాను. ముక్కు బురదలో కూరుకుని, వెనక భాగం గాల్లో లేచి ఉంది. కొంకి దగ్గర కొయ్య చీలిన చప్పుడు అక్కడిదాకా వినిపించింది. అలా వేలాడుతుండగానే నీళ్ళు వచ్చి నింపేశాయి. ఆమె వదిలిన బారెడు అలాగే ఉంటే, పడవ నీళ్ళతో దిగి నీళ్ళతో లేచేది.

నాలుగున్నర బస్సుకు సబేలా దిగింది. జనాన్ని తప్పించుకుని గట్టు అంచున మోకాళ్ళ మీద కూర్చుని, ఇనుప కడియానికి ఉన్న ముడిని వేళ్ళతో తడిమింది. నాన్న మనకు నేర్పిన ముడి, కొసను రెండుసార్లు లోపలికి దోపేది. మన రేవులో ఇప్పుడు నేను తప్ప ఎవరూ అలా వేయరు. తలెత్తి నన్ను చూసింది. తర్వాత నడుము దగ్గరి కత్తి తీసి, ముడికి అటూ ఇటూ తాడు కోసి, ఆ ముక్కను నీళ్ళలోకి విసిరేసింది. జనం వాళ్ళ గోలలో వాళ్ళున్నారు. చూసింది నేనొక్కదాన్నే.

నిన్న మధ్యాహ్నం ఆమె బట్టలు సర్దుతుంటే చెప్పాను.

"ఆ రోజు తాళ్ళు బిగించింది నేనే సబేలా."

"తెలుసు వదినా. మార్చి నుంచీ తెలుసు."

"మరి ముడి ఎందుకు కోసేశావ్? అందరికీ చూపించాల్సింది."

"చూపిస్తే నన్ను వదిలి నిన్ను పట్టుకునేవాళ్ళు. నేనంటే పరాయిదాన్ని, ఎప్పుడైనా వెళ్ళిపోగలను. రోజూ పొద్దున లేచి వాళ్ళ మొహాలు చూడాల్సింది నువ్వు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె మంచం మీదే కూర్చుని ఏడ్చాను. వెళ్ళొద్దన్నాను. "వాడికి అంతా రాస్తాను. కోపంలో అన్నాడు, తెలిస్తే దిద్దుకుంటాడు" అన్నాను.

"నువ్వు బిగించినందుకు వెళ్ళడం లేదు వదినా. పడవ పోయింది, ఏం జరిగిందక్కా అని ఆయన నిన్ను అడిగాడు. పడవ మీద తిరిగింది నేను. నన్ను అడగలేదు. నాకు తీర్పు మాత్రం పంపాడు." ఆ మాట అనేసి మళ్ళీ చొక్కా మడతపెట్టడం మొదలుపెట్టింది.

ఈ పొద్దున చేపల బల్ల దగ్గర అందరి ముందూ చెప్పేశాను, బిగించింది నేనేనని. బియెల్ మామ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇన్నాళ్ళూ నా నోరే నీ చేత ఆ పని చేయించిందన్నమాట" అన్నాడు. తర్వాత తన పడవ దగ్గరికి వెళ్ళి రెండు తాళ్ళూ వదులు చేశాడు. ఊరితో నేను పడే పాట్లు నేను పడతాను. నీకూ ఆమెకూ మధ్య పోయింది మాత్రం నేను బాగుచేయలేను, నోఫ్రె కూడా చేయలేడు.

శనివారం పెట్టె మోసుకుని నేనే ఓడదాకా వెళ్తాను. ఆమె తల్లిగారి ఊరి చిరునామా నీకు తెలుసు. ఈసారి నాకు జవాబు రాయొద్దు, ఆమెకు రాయి. అక్క చెప్పింది, అంతా తెలిసింది, క్షమించు అని రాయకు. ఆ రోజు ఏం జరిగిందో నువ్వు చెప్పు సబేలా అని రాయి. రాసి, ఆమె చెప్పేదాకా ఆగు.

ఇట్లు,
ఐదు వారాలు నోరు కట్టుకు కూర్చున్న నీ అక్క,
కొలోమా