పొయ్యి ఎక్కబోయిన జిగురు డబ్బా

అమ్మా, నీ కొడుకు ఖుతైబా రెండు కనుబొమ్మలతో సహా క్షేమం. అవి మిగలడం ఎంత విశేషమో ఇవాళే తెలిసింది.

ఇవాళ అమ్మాన్‌లో మా వీధికి నీళ్ళొచ్చే రోజు. మేడ మీది ట్యాంకు పైపు అతుకు ఊడిందని ఇంటావిడ ఉమ్ జుహైర్ పిన్ని కేకేసింది. ఆమె వంటింటి అలమరలో దాచిన నా పైపు జిగురు డబ్బా కోసం వెళ్తే, అది మక్దూస్ వంకాయ ఊరగాయ సీసాల మధ్య తలకిందులుగా ఉంది! వంకాయల నీరు ఓడ్చడానికి సీసాలు బోర్లిస్తూ, అదే చేత్తో దాన్నీ బోర్లించిందట. జిగురు మూతలోకి దిగి బిగుసుకుంది. నేను పట్టకారు తెచ్చేసరికి పిన్ని ఆ మూతను పొయ్యి మంట మీద తిప్పుతోంది!

"పిన్నీ, అది భగ్గుమంటుంది!"

"అరవకురా! దానిమ్మ పాకం సీసా మూత పెళ్ళైనప్పటినుంచీ ఇలాగే తీస్తున్నా. ఇంజనీరు చదువట, మూత తీయడం రాదు!"

లాక్కుని వీధిలోకి పరిగెత్తాను. పైపుకి సైకిలు ట్యూబు చుట్టాం, నీళ్ళు నిలిచాయి.

దానిమ్మ పాకం అయిపోయింది, పంపు. చెల్లి పరీక్ష ఎలా రాసింది?

అసలు సంగతి. పాకం సీసా మూత నువ్వూ మంట మీదే కాచి తీస్తావు. నా ఇంకో జిగురు డబ్బా మనింట్లో ఆ సీసాల పక్కనే ఉంది. అంచు తుడిపించి, మూత బిగించి, మెట్ల కింద చల్లగా, నిటారుగా పెట్టించు. మూత రాకపోతే పారేయించు, కొత్తది కొంటాను.

నాన్నకు సలాములు. దీవెనలు తర్వాత ఇద్దువుగాని, ముందు డబ్బా జరుపు.