నీలం చొక్కా కింద పొట్లం

ప్రియమైన శ్రీవారికి,

మీరు వెళ్లిన దగ్గర్నుంచి అత్తయ్య నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. "వారం ఉంటానని వచ్చినవాడు మర్నాడే పెట్టె సర్దుకున్నాడంటే, ఏమన్నావే వాణ్ణి?" అని అడిగింది. "ఏమీ అనలేదత్తయ్యా" అన్నాను. "అదేగా నీతో వచ్చిన చిక్కు" అంది. నవ్వొచ్చింది. వంటగదిలోకి వెళ్లాక ఏడుపొచ్చింది.

ఫోన్ చేద్దామంటే మీకు తెలిసిందేగా. నేను ఫోన్ అందుకోగానే మావయ్య టీవీ సౌండు తగ్గిస్తారు, అత్తయ్య కూర తరగడం ఆపేస్తుంది. నాకు నోరు పెగలదు. పెళ్లైన కొత్తలో మీరే అన్నారు, "పోనీ, నువ్వు రాయి, నేనూ రాస్తాను" అని. ఆ మాటకి ఇప్పటికీ మీకు దండం పెట్టుకుంటాను.

ఆ సాయంత్రం మీరు వానలో తడిసి వచ్చారు. మీ తల తుడుస్తుంటే నడినెత్తి మీద నా చెయ్యి ఆగిపోయింది. మీరు తువ్వాలు లాక్కున్నారు. టోపీ పెట్టుకునే పడుకున్నారు. అప్పుడు నేను ఏదో ఒకటి అనాల్సింది. కనీసం వాన గురించైనా అనాల్సింది.

మీ పెట్టె అడుగున, నీలం చొక్కా కింద ఒక పొట్లం పెట్టాను. చూశారా? అది నేనే చేశాను. దాంతోపాటు చీటీ కూడా పెడదామని రాశాను గానీ, చదువుకుంటే సిగ్గేసి చింపేశాను. మీకు నచ్చకపోతే చెప్పండి. మనసులో మాత్రం పెట్టుకోకండి.

మీ
మూగపిట్ట

*

ప్రియమైన మూగపిట్టకి,

ఉత్తరం అందింది. నేను బాగానే ఉన్నాను. కళ్లజోళ్ల షాపులో పని ఎక్కువైంది. గోడ నిండా అద్దాలే ఉండేవి, ఇప్పుడు కౌంటరు పైన కొత్తగా దీపాలు కూడా పెట్టారు. నెత్తి కాలిపోతోంది.

వచ్చే నెల రావడం కుదరదు. అమ్మకి చెప్పు.

ఇక్కడ ఎండ ఎక్కువగా ఉంది. మెత్తటి గుడ్డతో రెండు టోపీలు కుట్టి పంపు. వెనక మెడ దాకా దిగాలి. బిగుతుగా ఉండకూడదు.

నీ
అద్దాలాయన

*

ప్రియమైన శ్రీవారికి,

టోపీలు పంపుతున్నాను. కుట్టు లోపల గుచ్చుకోకుండా అంచు మడిచి కుట్టాను.

పొట్లం గురించి మీరు ఒక్క మాట కూడా రాయలేదు. రాయలేదంటేనే అర్థమైంది.

నేను ఈ ఉత్తరం భయపడుతూ రాస్తున్నాను. నిన్న మా విగ్గుల వర్క్‌షాపుకి ఒకాయన కొలత ఇవ్వడానికి వచ్చాడు. అచ్చం మీరు అడిగినటువంటి టోపీయే పెట్టుకున్నాడు, మెడ దాకా దిగేది. తీశాక చూశాను. నుదుటి మీద ఒత్తుగా జుట్టు ఒక వరస ఉంది. దాని వెనక అంతా ఖాళీ. మా సూపర్‌వైజరమ్మకి నోరు ఆగదు కదా, "ఏంటి సార్, కంచె వేసి తోట మర్చిపోయారా?" అంది. పాపం ఆయన కూడా నవ్వాడు.

తర్వాత కూర్చుని చెప్పాడు. కుర్రతనంలో ముందు భాగంలో జుట్టు నాటించుకున్నాడట. నాటింది అలాగే ఉండిపోయింది. దాని వెనక పుట్టుకతో వచ్చిన జుట్టు మాత్రం దాని దారిన అది రాలిపోయింది. ఆ ఖాళీ నింపడానికి మళ్లీ చేయించుకున్నాడు. నాటడానికి తల వెనక నుంచి తీసే జుట్టుకి ఒక హద్దు ఉంటుందట. ఎంత తీస్తే అక్కడ అంత తరుగే, మళ్లీ మొలవదు. ఇప్పుడు ముందుకీ లేదు, వెనక్కీ లేదు. మెడ పైన మచ్చ కనిపిస్తుందని టోపీ. "మొదటిసారి చేసినవాడు, ఇంకా రాలుతుంది బాబూ, కొంచెం ఆగు అని ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేదమ్మా" అన్నాడు.

నేను సూది పక్కన పెట్టేశాను.

ఏవండీ, మీకు ఎండకే టోపీ కావాలా? మీ మనసులో ఇంకేదైనా ఉంటే, నా మీద ఒట్టు, వద్దు. నేను నోరు తెరిచి అడగను. అది నా తప్పే. కాగితం మీదైనా అడుగుతున్నాను. వద్దు.

వెంటనే జవాబు రాయండి.

మీ
మూగపిట్ట

*

ప్రియమైన మూగపిట్టకి,

ఇన్నాళ్లూ జవాబు రాయనందుకు నువ్వు ఎంత కంగారు పడి ఉంటావో తెలుసు. నీ ఉత్తరం, టోపీలు వచ్చేసరికి నేను తలకి కట్టుతో బోర్లా పడుకుని ఉన్నాను. గదిలో నాతో ఉండే ఎలక్ట్రీషియనే చదివి వినిపించాడు. "వద్దు" దగ్గరికి వచ్చేసరికి వాడు ఆగిపోయాడు. నేనే చదవమన్నాను.

అంతా చెప్పేస్తాను. చదివి నువ్వు ఏమనుకున్నా సరే.

నిన్ను చూడటానికి రాకముందే, ఇంకా కుర్రాడిగా ఉన్నప్పుడే, నేను మొదటిసారి జుట్టు నాటించుకున్నాను. వెనక ఒక చెవి నుంచి ఇంకో చెవి దాకా గీత ఉంది. అందుకే జుట్టు ఎప్పుడూ పొట్టిగా కత్తిరించుకోలేదు. మిగిలిన జుట్టు నిలబడాలంటే రోజూ మాత్ర వేసుకోవాలన్నారు. పెళ్లయ్యాక నీకు తెలిసిపోతుందని మానేశాను. ఆ మాత్రలు వేసుకున్నన్నాళ్లూ మనసు కూడా మందంగా ఉండేది, నీ దగ్గర అలా ఉండటం నాకు ఇష్టం లేకపోయింది. మానేశాక నడినెత్తి పలచబడింది. నీకు చెప్పొద్దని అమ్మ దగ్గర మాట తీసుకున్నాను. నిన్ను మోసం చేసి పెళ్లి చేసుకున్నాను. ఇదీ సంగతి.

ఆ రోజు నీ చెయ్యి ఆగింది. ఇక్కడికి వచ్చి పెట్టె విప్పితే నీలం చొక్కాతోపాటు పొట్లం ఊడి, అందులోని జుట్టు ముక్క కింద పడింది. ఎలక్ట్రీషియన్ దూరం జరిగి, "ఏం గురూ, మీ ఆవిడ ఎలకని ప్యాక్ చేసి పంపిందా?" అన్నాడు. వాడి మీద కోపం లేదు. మంచాన పడ్డాక నాకు అన్నం కలిపి పెట్టింది వాడే. కానీ తర్వాత నీ ఉత్తరం చదవగానే నాకు ఒకటే తట్టింది. నువ్వే చేశానన్నావు. చూసీ చూడగానే, రాత్రికి రాత్రి కూర్చుని మూత చేసేంత అసహ్యం వేసిందన్న మాట.

ముందు ఒక చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లాను. "వెనక తీయడానికి పెద్దగా మిగల్లేదు, ఉన్నది కాపాడుకోండి" అన్నాడు. నాకు ఆ మాట రుచించలేదు. ఫొటోలు చూపించి సరేనన్న ఇంకో చోట మళ్లీ నాటించుకున్నాను.

కుట్టు దగ్గర చీము పట్టింది. పాత గీత పక్కన ఇంకో గీత, అది వెడల్పుగా సాగింది. తల వెనక తాకితే ఇంకెవరి తలో తాకినట్టుంది. నాటినవాటిలో ఎన్ని బతుకుతాయో తెలియడానికి ఏడాది పడుతుందట. చీము పట్టిన మేర మాత్రం ఆశ వదులుకోమన్నారు. షాపులో నన్ను కౌంటరు నుంచి తీసి లోపల అద్దాలు అరగదీసే గదిలో వేశారు. నాకు అదే బాగుంది. అక్కడ ఎవరూ నా మొహం చూడరు.

ఈ తలతో ఇంటికి రాలేను. నువ్వు మీ అమ్మావాళ్లింటికి వెళ్లిపోతానన్నా నేను తప్పు పట్టను.

ఒక్కటి చెప్పు. ఆ పొట్లంలో జుట్టు ఎవరిది?

నీ
అద్దాలాయన

*

ప్రియమైన శ్రీవారికి,

నాదే.

జడ విప్పితే లోపలి పాయ ఒకటి ఉంటుంది, బయటికి కనపడదు. అందులోంచి కత్తిరించుకున్నాను. మా వర్క్‌షాపులో బోలెడు జుట్టు ఉంది. కానీ ఎవరిదో జుట్టు మీ నెత్తినెక్కడం నాకు ఇష్టం లేకపోయింది. ఇది ఎవరితోనూ అనకండి, ముఖ్యంగా ఆ ఎలక్ట్రీషియన్‌తో.

రాత్రికి రాత్రి చేశానన్నారు. మా పని మీరెప్పుడూ చూడలేదు, అందుకే అలా అనుకున్నారు. వెంట్రుక తర్వాత వెంట్రుక సన్నటి వలకి ముడెయ్యాలి. అరచేతిలో పట్టేంత ముక్కకి కూడా వారాలు పడతాయి. పోయినసారి మీరు వచ్చి వెళ్లినప్పుడే మొదలుపెట్టాను. మీరు అద్దం ముందు నిలబడి ముందు జుట్టు వెనక్కి, మళ్లీ ముందుకి దువ్వుకోవడం తలుపు సందులోంచి చూశాను. ఎంత అవస్థ పడుతున్నారో అనిపించింది. నా కంటికి బాగుండాలని కాదు, షాపు దీపాల కింద మీరు కాస్త నిశ్చింతగా నిలబడాలని చేశాను.

ఇక నా చెయ్యి ఎందుకు ఆగిందో రాయాలి. రాయడానికి సిగ్గుగా ఉంది. నేను కొలత చూసుకుంటున్నాను. ఊహ మీద చేసిన ముక్క సరిపోతుందో లేదో అని తువ్వాలు మీదుగా నాలుగు వేళ్లు ఆన్చి చూశాను. సరిగ్గా సరిపోయింది. సంతోషంతో ఆగింది నా చెయ్యి.

"కొలత చూస్తున్నానండీ" అని ఒక్క మాట అంటే మీరు నవ్వేవారు, తిట్టేవారు, ఏదో ఒకటి చేసేవారు. కత్తి కిందికి మాత్రం వెళ్లేవారు కాదు. నోరు మెదపకుండా, దొంగలా చొక్కా కింద దాచి పంపాను. మీ తల వెనక ఆ కొత్త కుట్టు నా చేతులతో నేనే వేసినట్టుంది. రోజూ సూది పట్టుకున్నప్పుడల్లా అదే గుర్తొస్తోంది.

మోసం చేశానన్నారు. మీరు మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజు గుర్తుందా? నేను మంచినీళ్లు తెచ్చాను. గ్లాసు చేతిలోంచి జారింది. నేను తల దించుకుని కొయ్యలా నిలబడిపోతే, మీరు వంగి గ్లాసు తీశారు. నా కళ్లు నేల మీదే ఉన్నాయి కాబట్టి మీ మొహం చూడలేదు గానీ మీ తల వెనక చూశాను. జుట్టు కింద గీత కనపడింది. అది ఏమిటో మా పనిలో ఉన్నదానికి తెలియదా? ఈయనకీ నాలాగే ఎవరైనా చూస్తారేమోనని భయం అనుకున్నాను. నాకు అంతకుముందు ఎవరిని చూసినా వణుకే. మిమ్మల్ని చూస్తే తగ్గింది. లోపలికి వెళ్లి అమ్మతో సరేనన్నాను.

ఇన్నేళ్లూ మీరు దాచింది నాకు తెలుసని నేను దాచాను. మీరు టోపీలోంచి బయటికి రావడానికి నేనే ముందు ఒక మాట అనాల్సింది.

మీ ఉత్తరం చదివాక అత్తయ్యకి చెప్పాను. "నాకు మొదట్నుంచీ తెలుసత్తయ్యా" అన్నాను. ఆవిడ, "మీ ఇద్దరి నోళ్ల మధ్య నా నోరు నలిగిపోయిందే" అంది. తర్వాత మావయ్యని లేపి టీవీ కట్టించి, ఇద్దరూ బయటికి వెళ్లి కూర్చున్నారు. ఫోన్ ఒక్కటే మిగిలింది హాల్లో. తీశాను. మళ్లీ పెట్టేశాను. ఇది ఫోన్‌లో చెప్పేది కాదు.

కట్టు మార్చడానికి అక్కడ ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. ఇక్కడ నేనున్నాను. ఎక్కడ చీము పట్టిందో, ఎక్కడ తాకితే తెలియదో నాకు చూపించండి. ఈసారి నా చెయ్యి ఆగితే ఎందుకు ఆగిందో అప్పుడే, నోటితో చెప్తాను.

మా అమ్మావాళ్లింటికి నేను వెళ్లను. మీరు రండి. నేను కుట్టిన టోపీ దారంతా పెట్టుకోండి, గుమ్మం దగ్గర మాత్రం తీసెయ్యండి.

నేను తలెత్తి చూస్తాను.

మీ
మూగపిట్ట