ముసలమ్మ గొంతు, రెండు కండెన్సర్లు, వాటి విషయంలో నా ఏర్పాట్లు

వచ్చే సోమవారం నా గుండెలో ఒక కవాటం మారుస్తారు. పోయిన మంగళవారం మధ్యాహ్నం, తొమ్మిదేళ్లుగా నేను చేస్తూ వచ్చిన ఒక పొరపాటు బయటపడింది. మొదటిదాని వల్ల వీలునామా అవసరమైంది. రెండోదాని వల్ల, ఇదివరకు రాసి పెట్టుకున్న వీలునామా చెల్లని కాగితమైంది. కనుక దానిని రద్దుపరచి, దాని స్థానంలో దీనిని రాస్తున్నాను.

కొలతల ప్రయోగశాలలో ముప్ఫై రెండేళ్లు పనిచేసి విరమించిన, అరవై రెండేళ్ల వయసు గల, బంధువర్గంలో "కొలతల వదిన" అని పిలువబడే నేను, పూర్తి తెలివితోను, ఎవరి ఒత్తిడీ లేకుండాను, నా చేతిరాతతోను ఈ ఏర్పాట్లు చేస్తున్నాను. మంగళవారం నుంచి ఉండి ఉండి నవ్వు వస్తున్న మాట వాస్తవం. అది మతి చలించడం వల్ల కాదని మా డాక్టరు రాసి ఇచ్చిన కాగితం జతపరచాను. నవ్వుతూ రాసిన వీలునామా చెల్లదని చట్టంలో ఎక్కడా లేదని నోటరీగారు రెండుసార్లు వెతికి చెప్పారు.

1. ఈ వీలునామాను అమలుపరచే బాధ్యత నా తోటికోడలికి అప్పగిస్తున్నాను. ఆమె గ్రంథాలయంలో పనిచేస్తుంది. ఏ వస్తువు ఎక్కడ ఉందో ఆమెకు తెలుస్తుంది. అంతకన్నా ముఖ్యమైన కారణం మూడో అంశంలో ఉంది.

2. ఆస్తి వివరం. ఇల్లు మావారిది, దానితో నాకు పని లేదు. నాదంటూ ఉన్నది టీవీకి తగిలించుకుని వాడే ఒక పాత ఇంటి కంప్యూటరు. అందులో చిటికెన వేలంత పొడవున్న ఒక చిప్పు ఉంది. శబ్దం పుట్టించడమే దాని పని. మూడు గొంతులు, వాటి పదును తగ్గించే ఒక ఫిల్టరు, అంతే దాని సామర్థ్యం. ఆ చిప్పులు తయారు కావడం ఆగిపోయి చాలా కాలమైంది. ఉన్నవి ఒక్కొక్కటే కన్నుమూస్తున్నాయి. మా ఇంట్లోదానిని ముసలమ్మ అంటాం. ముసలమ్మ పోయినా గొంతు పోకూడదని, పదును ఎంత తగ్గాలో నిర్ణయించే రెండు వేల నలభై ఎనిమిది మెట్లు ఫిల్టరుకు ఉంటే, వాటిని ఒక్కొక్కటి మూడేసి సార్లు కొలిచి, ఆ గొంతును నేటి కంప్యూటర్లలో పలికించే ప్రోగ్రాము ఒకటి తయారుచేశాను. పాటలు కట్టేవాళ్లు దానిని వాడుతున్నారు. అందులోని సన్నని బొంగురు ఇంకెక్కడా దొరకదని వాళ్లు అంటారు.

ఆ బొంగురు చిప్పు పుట్టుకలోనే ఉందని నిరూపిస్తూ నలభై పేజీల వ్యాసం రాశాను. సభలో చదివాను. చప్పట్లు కొట్టారు.

3. పొరపాటు వివరం. ఇది తెలియకపోతే తరువాతి అంశాలు అర్థం కావు. పోయిన నెల ఒక ఇంజనీరమ్మాయి ఉత్తరం రాసింది. నాకు ముఖపరిచయం లేదు. ఆమె దగ్గర కూడా అదే విడతలో తయారైన చిప్పు ఉండేది. ఆ చిప్పు చచ్చిపోయే ముందు కొలిచిందట. "అమ్మా, మీ అంకెలన్నీ నా అంకెల కన్నా తక్కువే, కానీ అన్నీ ఒకే నిష్పత్తిలో తక్కువ. నేనే ఎక్కడో తప్పు చేసి ఉంటాను, ఏమనుకోకండి" అని రాసింది. పెద్దల తప్పును ఇంత మర్యాదగా చూపించినవాళ్లను నేను చూడలేదు. ప్రతి మెట్టులోనూ నాలుగున్నర రెట్లకు కాస్త ఎక్కువ తేడా. చిప్పు లోపలి లక్షణమైతే తేడా ఒక్కో మెట్టుకు ఒక్కోలా ఉండాలి. అన్నింటికీ ఒకటే అయితే కారణం చిప్పు బయట ఉన్నట్టు. చిప్పు బయట ఉండి ఫిల్టరును నడిపించేవి రెండే రెండు కండెన్సర్లు, కాస్త విద్యుత్తును నిలవచేసే చిన్న బిళ్లలు.

మంగళవారం భోజనం చేసి, ముప్ఫై ఒక్క ఏళ్లలో మొదటిసారిగా బోర్డును విప్పి తిరగేశాను. కింద రెండు గోధుమరంగు కండెన్సర్లు ఉన్నాయి. ఉండవలసినవి అవి కావు. వాటిని అతికిన టంకం మీద రెండు ఎర్రని చుక్కలు.

మా మరిది రేడియో మెకానిక్. తాను రిపేరు చేసిన ప్రతి అతుకు మీద భార్య గోళ్ల రంగుతో ఒక చుక్క పెట్టడం అతని అలవాటు; మరొకరి చెయ్యి పడితే తెలిసిపోవాలని. తోటికోడలిని పిలిచి చూపించాను. భూతద్దం పెట్టి, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "అక్కా, ఇది నా పెళ్లయిన ఏడాది వేసుకున్న రంగు, తరువాత ఆ సీసా దొరకలేదు" అంది. ఇంతకన్నా బలమైన సాక్ష్యం నా ప్రయోగశాలలో కూడా నేను ఎరగను.

అప్పుడు అన్నీ గుర్తుకొచ్చాయి. మా అమ్మాయి పుట్టి నేను ఆసుపత్రిలో ఉన్న వారంలో కంప్యూటరు మూగబోతే మరిదే బాగుచేశాడు. నేను ఇంటికి రాగానే గుమ్మంలోనే, "వదినా, మీ ముసలిదానికి జలుబు చేసింది. కండెన్సర్లు రెండు మార్చా. అచ్చం అలాంటివి దొరకలేదు, రేడియోలోవి వేశా. పలుకుతోందిగా, ఇంకేం కావాలి" అన్నాడు. నేను పట్టించుకోలేదు. ఆ సమయంలో నా చూపంతా నా టంకం కడ్డీ మీద ఉంది. నేను ప్రాణంగా చూసుకునే దాని మొనను అతను బొగ్గు చేసి పెట్టాడు. కోపమంతా మొన మీద ఖర్చుపెట్టేశాను, కండెన్సర్ల మాట తలకెక్కలేదు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ప్రతి శుభకార్యంలోనూ అతనికి ఆ మొన సంగతి గుర్తుచేస్తూనే ఉన్నాను. కండెన్సర్ల సంగతి అతను నాకు ఒక్కసారి కూడా గుర్తుచేయలేదు.

ఈ కథ విన్న మా అమ్మాయి నేల మీద కూలబడి నవ్వింది. "అమ్మా, తొమ్మిదేళ్లు పట్టి నువ్వు కొలిచింది బాబాయినే" అంది.

4. ప్రోగ్రాము. మంగళవారం సాయంత్రమే అంకెలన్నీ సరిదిద్ది వాడేవాళ్లందరికీ పంపేయాలని కూర్చున్నాను. తానూ పాటలు కట్టే మా అమ్మాయి కీబోర్డు లాక్కుంది. తన పాటల్లో సగం, ముఖం కూడా తెలియని ఎందరివో పాటలు, ఆ బొంగురు మీద నిలబడి ఉన్నాయని, దిద్దితే అవన్నీ రాత్రికి రాత్రి గొంతు మారిపోతాయని అంది. "నువ్వు దిద్దేది నీ తప్పు కాదు, మా పాటలు" అంది. ఆమె మాట న్యాయమని ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. కావున, ఇప్పుడున్న ప్రోగ్రామును నా వారసులు గాని, మరెవరు గాని, సరిచేసే నెపంతో తాకరాదు. దాని సర్వహక్కులు మా అమ్మాయివి. పేరు మాత్రం మారాలి. ఇకపై అది ముసలమ్మ కాదు, "మరిది".

నా నలభై పేజీల వ్యాసాన్ని చింపరాదు. మొదటి పేజీ మీద ఎర్రసిరాతో "కొలతలు సరైనవి, కారణం తప్పు" అని రాశాను. అలాగే ఉంచాలి.

5. చిప్పు. ముసలమ్మను మా అమ్మాయికీ ఆ ఇంజనీరమ్మాయికీ ఉమ్మడిగా ఇస్తున్నాను. సరైన విలువ గల రెండు కండెన్సర్లు వేసి, మొదటి మెట్టు నుంచి మళ్లీ కొలిచి, ఆ గొంతుతో వేరే ప్రోగ్రాము తయారుచేయాలి. దానికి ముసలమ్మ అన్న పేరు అప్పుడు న్యాయంగా చెందుతుంది. పాత కండెన్సర్లను ఊడదీయడం మా మరిదే చేయాలి. ఆ బోర్డు మీద వేడి ఎక్కువైతే చిప్పు పోతుంది, మరొకటి ఎక్కడుందో నాకు తెలియదు. అయినా ఆ అతుకుల సంగతి తెలిసిన చేతులు అవే. నేను ఆసుపత్రి నుంచి తిరిగి వస్తే పక్కన నిలబడి చూస్తాను. రాకపోతే అతనికి ఎవరూ సలహాలు ఇవ్వరాదు. ఈ పని సోమవారానికి ముందే ముగించమని అమ్మాయి అడిగింది. తొందరలో చేసిన కొలతను నేను జీవితంలో ఒక్కటీ ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకోను.

6. మా మరిదికి. ఊడదీసిన రెండు కండెన్సర్లూ, ఎర్రచుక్కలతో సహా, అతనివి. నా టంకం కడ్డీ, మాడిన మొనతో సహా, అతనిది. ఆ మొన గురించిన నా ఫిర్యాదును ఇందుమూలంగా, షరతులు లేకుండా, ఉపసంహరించుకుంటున్నాను. పాత వీలునామాలో అతని పేరే లేదు. అది కోపంతో కాదు, మతిమరుపుతో అని రాద్దామనుకున్నాను. ప్రమాణం చేసి రాసే కాగితంలో అబద్ధం రాయలేను.

7. మావారికి. కొలతలు తీసే ప్రతి ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా, మోటారు చప్పుడు రీడింగుల్లోకి రాకూడదని ఫ్రిజ్ ఆపించేదాన్ని. తొమ్మిదేళ్లు ఆయన గోరువెచ్చని నీళ్లు తాగి, విరిగిన పాలు పారబోసి, పల్లెత్తు మాట అనలేదు. ఒకసారి మాత్రం తలుపు సందులోంచి, "కాస్త దగ్గొచ్చా?" అని చీటీ తోశారు. ఫ్రిజ్ మీద ఇరవై నాలుగు గంటల హక్కు ఆయనకు సంక్రమిస్తుంది. ఆ చీటీ నా కొలతల పుస్తకం మొదటి సంపుటంలో ఉంది. అది కూడా ఆయనదే.

8. తోటికోడలికి, బజారంతా తిరిగి, ఆ రంగుకు వీలైనంత దగ్గరగా ఉన్న గోళ్ల రంగు సీసా ఒకటి కొన్నాను. సరిగ్గా అదే రంగు కాదు. తేడా ఎంతో కొలవలేదు.

తేదీ: నవంబరు 14, గురువారం, ఉదయం పదకొండు గంటలు.

సంతకం: కొలతల వదిన

సాక్షులు: పక్కవాటాలో ఉండే పియానో శ్రుతి చేసే ఆయన, వీధి చివర కళ్లద్దాల దుకాణం ఆవిడ. (సాక్షిగా నిలబడతానని మా మరిది పట్టుబట్టాడు. లబ్ధిదారు సాక్షి కాకూడదని చెబితే, "నాకేం రాశారని, రెండు పాడు కండెన్సర్లేగా" అని గొణిగాడు. అతను లబ్ధిదారే.)

సాక్షుల ఎదుట, సంతకాల తరువాత చేర్చిన షరా: మంగళవారం బోర్డు తిరగేశాక కంప్యూటరును మళ్లీ ఆన్ చేయలేదు. చిప్పు ఇంకా బతికే ఉందని అనుకుంటున్నాను, చూడలేదు. నాకు ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఇష్టమైన గొంతు మా మరిది వేసిన కండెన్సర్లది. సరైన కండెన్సర్లతో ముసలమ్మ ఎలా పలుకుతుందో, అది నాకు నచ్చుతుందో లేదో, నాకు తెలియదు.