చిలక కన్ను కేసు

ధర్మవరం,
ఆగస్టు 4

చిరంజీవి అమృతకు తాత గోవిందరాజులు ఆశీస్సులు.

నువ్వు యూనివర్సిటీలో క్రిమినాలజీలో చేరావని మీ నాయన చెప్పాడు. మన వంశంలో ఇన్నాళ్లకు ఒకరు పనికొచ్చే చదువు చదువుతున్నారు. నీ మొదటి కేసు నాదే. ఫోన్‌లో చెబితే సాక్ష్యం మిగలదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

ముప్పై ఏళ్ల కిందట నా మగ్గం మీది చిలకల అంచు అట్టలు మాయమయ్యాయి. డిజైను ప్రకారం చిల్లులు కొట్టిన అట్టలవి. అవి చేతిలో ఉంటే ఏ నేతగాడైనా ఆ అంచు నేయగలడు. వారానికి మళ్లీ అదే చోట కట్టగట్టి కనిపించాయి. నెల తిరక్కముందే నా చిలకలు పక్కవీధి చెన్నప్ప నేసిన చీర మీద వాలాయి. అప్పటి నుంచి వాడితో మాటల్లేవు. ఇప్పుడు హిందూపురంలో కూతురి ఇంట్లో ఉన్నాడట. వెళ్లి నేరం రుజువు చెయ్యి.

న్యాయం కోరుతూ,
తాత

తా.క. చిలకకు కంటి చిల్లు కొట్టడం నేను మరచిపోయాను. అట్టలు తిరిగొచ్చేసరికి ఆ చిల్లు ఉంది. దొంగను క్షమించవచ్చు. నా తప్పు దిద్దినవాణ్ని క్షమించను.

---

హాస్టల్,
ఆగస్టు 10

తాతకు అమృత నమస్కారాలు.

మా చదువు దొంగలను పట్టుకునేది కాదు తాతా. మనిషి నేరం ఎందుకు చేస్తాడు, నష్టపోయినవాళ్లకు నిజంగా ఏం కావాలి అనేది చదువుతాం. ఈ సెమిస్టర్‌లో ఒక పాత తగాదా తీసుకుని ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించాలి. ఆదివారం హిందూపురం పోతున్నాను. నీకేం కావాలో రాయి.

నీ మనవరాలు,
అమృత

తా.క. నీ ఉత్తరం చదివి మా మేడమ్, "ఈయన బాధితుడా, జడ్జీనా?" అని అడిగింది.

---

ధర్మవరం,
ఆగస్టు 13

అమృతకు, మీ మేడమ్‌కు కూడా ఆశీస్సులు.

లైబ్రరీలో ఉన్న నేరపరిశోధన పుస్తకాలన్నీ రెండేసి సార్లు చదివాను. దొంగకు కుర్చీ వేసిన డిటెక్టివ్ ఒక్కడూ లేడు. నాకు కావలసింది వాడి ఒప్పుకోలు, సంతకంతో. వేలిముద్ర కూడా తీసుకో. కాఫీ ఇస్తాడు, తాగొద్దు. వాడి కాఫీ తాగాక ఎవరికీ కోపం నిలవదు.

పట్టు విడవని,
తాత

తా.క. వానాకాలంలో వాడికి దగ్గు పట్టుకునేది. ఇంకా ఉందేమో చూడు. విచారణకు పనికొస్తుంది.

---

హాస్టల్,
ఆగస్టు 20

తాతకు,

కాఫీ తాగాను. రెండుసార్లు.

నీ పేరు చెప్పగానే చెన్నప్ప తాత, "అట్టలు వాడుకునింది నేనే పాపా, రాసుకో" అన్నాడు. ఎలా తీశావంటే లేచి వెళ్లి రెండో కాఫీ కలుపుకొచ్చాడు. తర్వాత అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"కొత్త డిజైను లేక నా మగ్గం మూన్నెల్లు ఊరికే ఉండె. మీ అవ్వ యశోదమ్మ చెనిక్కాయల గంపలో అడుగున పెట్టి తెచ్చిచ్చింది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేపిచ్చుకునింది. 'ఆయప్పకు నేనే నిదానంగా చెప్తా' అనింది. చెప్పకనే పాయ. ఇంగ నేను చెప్తే, లేని మనిషి మీద చాడీలు చెప్పినట్ల గాదా? నువ్వు అచ్చం ఆయమ్మ మాదిరే ఉండావు. నీ ముందర దాయబుద్ధి కాలేదు."

రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. అవ్వ మీద కోపం పెట్టుకోవద్దు తాతా.

అమృత

తా.క. దగ్గు ఉంది. కంటి చిల్లు ఎందుకు కొట్టావంటే, "గుడ్డి చిలకను ఎట్ల తిరిగిచ్చేది?" అన్నాడు.

---

ధర్మవరం,
ఆగస్టు 24

అమ్మా అమృతా,

నాకు తెలుసు. అట్టలు తిరిగొచ్చిన రోజే తెలుసు. వాటిని కట్టిన నీలం పేలిక మీ అవ్వ పాత చీరది. ఆ ముడి ఆమె తప్ప ఎవరూ వేయరు. ఆమె మీద కోపగించుకోవడం నాకు చేతకాలేదు. ఎక్కడో ఒకచోట పెట్టాలి కాబట్టి ఆ కోపం చెన్నప్ప మీద పెట్టాను. తానే చెబుతుందని నేను ఎదురుచూశాను. నేనే అడుగుతానని ఆమె ఎదురుచూసిందేమో. ఆమె పోయాక, వాడెలా ఉన్నాడని అడగడానికి నాకు ముఖం లేకపోయింది. నీ చదువు సంగతి విన్నాక దారి దొరికింది.

వాడింటికి నేను పోను. నా ఇంటికి వాడు రాడు. పెనుకొండ ఇద్దరికీ సగం దారి. ఆదివారం పదింటికి బస్టాండుకు వస్తాను. నీ రెండు కుర్చీలూ అక్కడే వేయించు. కాఫీ ఫ్లాస్కులో పోసి తెమ్మని వాడికి చెప్పు. సాక్ష్యంగా ఆ పేలిక తెస్తున్నాను. ముడి విప్పకుండా జార్చి తీసి దాచుకున్నాను.

ముద్దాయి,
గోవిందరాజులు

తా.క. కేసు మాత్రం మూసేయకు. కంటి చిల్లు సంగతి తేలేదాకా ప్రతి ఆదివారం వాయిదా వెయ్యి.