సాలూరు ఆఫీసులో నీ చుట్టకుదురు

అమ్మా, ఫోనులో నా మాట నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను, అరుణశ్రీ వదిన చదివి వినిపిస్తుంది. బెంగపడకు. భుజాల నొప్పి తగ్గింది, ఉద్యోగం మానను.

ఈ లారీ ఆఫీసులో పొద్దస్తమానం కంప్యూటరు మీదికి వంగి బిల్లులు కొట్టీ కొట్టీ మెడ పట్టేసేది. "ఒసే, కుదురుగా కూకోవే" అని నువ్వు కేకలేసే మాట గుర్తొచ్చింది. కుండ కింద పెట్టుకోమని నువ్విచ్చిన చుట్టకుదురు తెచ్చి, చేపల గంప కింద నువ్వు పెట్టుకున్నట్టే నెత్తిన పెట్టుకున్నాను. వంగితే జారి ఒళ్లో పడుతుంది. పడకుండా చూసుకునేసరికి నడుము నిలబడింది, భుజాలు వదులయ్యాయి. మా ఓనరు జగన్నాధం గారు చూసి, "ఏటమ్మా, సేపల గంప ఏదీ?" అని ఒకటే నవ్వు. మర్నాడు చూద్దును కదా, ఆయన నెత్తిన తువ్వాలు చుట్ట!

పక్క సీటు అనూరాధకీ ఒకటి కావాలట. నీ పాత చీరతోనే చుట్టి పంపు. ఎండు నెత్తళ్ల చేపలు కూడా. నాన్న వల బాగుచేసుకున్నాడా? ఆయనకు నా దండాలు.

వదినా, ఇది చదవడం అయ్యాక అమ్మ మెడకు కాస్త నూనె రాయి. గంప దించాక రోజూ నేనే రాసేదాన్ని. వద్దంటుంది, వినకు.

యమున